డీజిల్ పికప్, వెనకాల ఇల్లు

అమెరికా హైవేల మీద ఇంటిలాంటి ట్రైలర్‌ని లాక్కెళ్ళే డీజిల్ పికప్పులు చూసే ఉంటారు. ఒకప్పుడు అక్కడ డీజిల్ అంటేనే దండం పెట్టేసేవాళ్ళు. కారణం, 1978లో జీఎం కార్లకీ పికప్పులకీ పెట్టిన 5.7 లీటర్ల ఓల్డ్స్‌మొబైల్ డీజిల్. కంప్రెషన్ బాగా పెంచేసి, హెడ్డు బోల్టుల అమరిక మాత్రం పెట్రోలు ఇంజనుదే ఉంచేశారు. గాస్కెట్లు పోయాయి. లోడ్ టెస్టింగ్ కస్టమర్ల చేతే చేయించారన్నమాట!

1983లో ఫోర్డు 6.9 లీటర్లది తెచ్చింది కానీ దానికి టర్బో లేదు. అసలు మలుపు 1989 డాడ్జ్ రామ్. అందులో కమిన్స్ వాళ్ళ 5.9 లీటర్ల టర్బో ఇంజను, ట్రాక్టర్లకీ లారీలకీ వాడే బాపతు. 160 హార్స్‌పవరే, కానీ టార్కు 400 పౌండ్-ఫీట్, అదీ తక్కువ ఆర్‌పీఎమ్ దగ్గరే. పైగా టర్బో వల్ల రాకీ కొండల పల్చటి గాలిలోనూ ఊపు అంతగా తగ్గదు. ట్రైలర్ వాళ్ళకి ఇంకేం కావాలి?

ఆ బి-సిరీస్ ఇంజన్లనే తర్వాత జంషెడ్‌పూర్‌లో టాటా కమిన్స్ తయారుచేసింది. మన టాటా లారీల్లో చాలావాటికి పెట్టింది వాటినే.