రయట్ యాక్ట్: చట్టం నుంచి జాతీయం దాకా

ఇంగ్లీషు పత్రికల్లో 'రీడ్ ద రయట్ యాక్ట్' అనే జాతీయం మీకు కనిపిస్తూ ఉంటుంది. విడి పదాలను బట్టి చూస్తే 'అల్లర్ల చట్టాన్ని చదవడం' అని అర్థం. వాడుకలో మాత్రం, తప్పు చేస్తున్నవారిని గట్టిగా మందలించి, ఇకపై ఊరుకునేది లేదని హెచ్చరించడం అని అర్థం. ఈ అర్థం ఎలా వచ్చిందో తెలియాలంటే బ్రిటన్ చరిత్రలోకి వెళ్లాలి.

1714లో హనోవర్ వంశానికి చెందిన ఒకటో జార్జి బ్రిటన్ రాజయ్యాడు. ఆయన రాకను వ్యతిరేకించినవారు అనేక పట్టణాల్లో అల్లర్లకు దిగారు. దీంతో పార్లమెంటు చేసిన రయట్ యాక్ట్ 1715 ఆగస్టు 1న అమలులోకి వచ్చింది. పన్నెండు మంది లేదా అంతకంటే ఎక్కువ మంది చట్టవిరుద్ధంగా గుమిగూడి శాంతికి భంగం కలిగిస్తే, మేజిస్ట్రేటు వారి దగ్గరకు వెళ్లి రాజు పేరిట ఒక ప్రకటన బిగ్గరగా చదవాలి. చదివేది చట్టమంతా కాదు, అందులోని చిన్న ప్రకటన మాత్రమే. ఆ తరువాత గంటలోగా చెదిరిపోనివారికి మరణశిక్ష విధించవచ్చు. వారిని చెదరగొట్టేటప్పుడు ఎవరైనా మరణించినా అధికారులకు శిక్ష ఉండదు.

అంటే ఆ చదువు వినపడటం, వినపడకపోవడం ప్రాణాలకు సంబంధించిన విషయం. 1819 ఆగస్టు 16న మాంచెస్టర్‌లోని సెయింట్ పీటర్స్ ఫీల్డ్‌లో పార్లమెంటు సంస్కరణలు కోరుతూ వేలాది మంది సమావేశమయ్యారు. ఆశ్వికదళం వారిపై విరుచుకుపడింది. కనీసం 15 మంది మరణించారు, వందలాది మంది గాయపడ్డారు. ప్రకటన చదివామని మేజిస్ట్రేట్లు చెప్పారు. తమకేమీ వినపడలేదని సభకు వచ్చినవారు అనేకులు చెప్పారు. చరిత్రలో ఇది 'పీటర్లూ'గా నిలిచిపోయింది.

ఆ చట్టంలోని మూడు అంశాలు నేటి జాతీయంలోనూ ఉన్నాయని గమనించండి: చదివేవారికి అధికారం ఉండాలి, హెచ్చరిక స్పష్టంగా ఉండాలి, వినకపోతే శిక్ష తప్పదన్న సూచన ఉండాలి. తెలుగులో 'చివాట్లు పెట్టడం' దీనికి దగ్గరి మాటే గాని, చివాట్లకు కోపం ఒక్కటే చాలు.

ఉదాహరణ చూడండి: 'ద హెడ్‌మాస్టర్ రెడ్ ద రయట్ యాక్ట్ టు ద లేట్‌కమర్స్.' ఆలస్యంగా వచ్చేవారిని ప్రధానోపాధ్యాయుడు గట్టిగా హెచ్చరించాడని భావం. భూతకాలంలో 'రీడ్' ఉచ్చారణ 'రెడ్' అవుతుంది, వర్ణక్రమం మారదు. హెచ్చరిక ఎవరికో ఇలా వాక్యం చివర చెప్పేటప్పుడు 'టు' చేర్చాలి. ఇద్దరు స్నేహితులు సమానంగా పోట్లాడుకుంటే ఈ జాతీయం సరిపోదు. విద్యార్థి ప్రధానోపాధ్యాయుడిపై కోపగించుకున్నాడని చెప్పడానికీ ఇది సాధారణంగా పనికిరాదు.

ఇంగ్లండులో ఆ చట్టం 1967లో రద్దయింది. ఒకప్పుడు ప్రాణాలు తీసిన మాట నేడు మందలింపుగా మిగిలింది. జాతీయం అర్థాన్ని కంఠస్థం చేస్తే పరీక్ష వరకు గుర్తుంటుంది. దాని వెనుక కథ తెలిస్తే ఎక్కడ వాడాలో, ఎక్కడ వాడకూడదో మీకే తెలుస్తుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: రయట్ యాక్ట్‌లోని ఏ మూడు అంశాలు నేటి జాతీయంలో నిలిచి ఉన్నాయి? మీ సొంత ఉదాహరణతో వివరించండి.