ఊరుపేరు లేని వార్త

1857వ సంవత్సరారంభమున ఉత్తర హిందూస్థానమందలి గ్రామములలో నొక వింత జరిగెను. ఒక యూరి కావలివాడు పొరుగూరి కావలివానికి చపాతీలనిచ్చి, అట్టివే మరికొన్ని చేయించి ముందరి యూళ్లకు పంపుమని చెప్పి పోయెడివాడు. అవి ఎవరు పంపిరో, ఎందులకు పంపిరో మోసినవానికే తెలియదు. ఎరిగినవాడిచ్చెను గనుక పుచ్చుకొనుట, పుచ్చుకొన్నందున ముందుకు నడపుట. ఆంగ్లాధికారులు విచారించి విసిగిరే గాని, మొదట పంపిన చేయి ఏదో తేల్చలేకపోయిరి.

ఆ చపాతీలు ఎవరి ప్రాణమును తీయలేదు. 2018లో మన దేశమున సెల్‌ఫోనులలో వాట్సాప్ ద్వారా చేతులు మారిన వస్తువు అట్టిది గాదు. అది యొక చలనచిత్రపు తునక. మోటారుసైకిలుపై వచ్చిన ఇద్దరు వీధిలో ఆడుకొను బాలు నెత్తుకొనిపోవుట యందు కనబడును. నిజమునకు అది కరాచీ నగరమున పిల్లల భద్రతకై తీసిన ప్రచారచిత్రము. కడపట ఆ యిద్దరే బాలుని మరల తెచ్చి దింపి, బిడ్డలను కనిపెట్టి యుండుడను హెచ్చరికను చూపుదురు. ఆ కడపటి భాగమును ఎవరో కోసివేసిరి. కొత్తగా కల్లను కల్పింప నక్కరలేకపోయెను! 2013లో సిరియా దేశమున విషవాయువుచే మరణించిన పసివారి చిత్రములను గూడ దీనికి జోడించి ఊరూర త్రిప్పిరి.

అనుమానము దారిన పోవు పరాయివారిపై పడెను. మే మాసమున హైదరాబాదు చాంద్రాయణగుట్టలో నొక ట్రాన్స్‌జెండర్ స్త్రీని గుంపు కొట్టి చంపెను. జూలై 1వ తేదీన మహారాష్ట్రలోని ధూలే జిల్లా రాయిన్‌పాడా గ్రామమున, బిచ్చమెత్తి బ్రతుకు సంచారజాతివా రైదుగురు పంచాయతీ కార్యాలయముననే హతులైరి. గంగిరెద్దులవాడు, బుడబుక్కలవాడు వాకిట నిలిచినచో చేటెడు గింజలు పెట్టి పంపిన జనులము మనము. ఆ చేతులకే కఱ్ఱలు వచ్చినవి.

జోగులాంబ గద్వాల జిల్లాలో సంగతి వేరుగా నడిచినది. వేసవిలో ఆరుబయట పండుకొను జనులు తలుపులు బిగించుకొనుచున్నారని గ్రామములకు పోయిన పోలీసులు గమనించిరి. జిల్లా పోలీసు అధికారిణి రెమా రాజేశ్వరిగారు తమ సిబ్బందిని, జానపద గాయకులను, డప్పులవారిని ఊళ్లకు పంపి అసలు సంగతి చెప్పించిరి. ఆమె పరిధిలోని నాలుగువందలకు పైబడిన గ్రామములలో ఈ వదంతివలన ఒక ప్రాణమైనను పోలేదు. యంత్రము తెచ్చిన భయమును డప్పు పోగొట్టుటయా యని కొందరు నవ్వవచ్చును. కాని డప్పు వాయించువాని మొగము ఊరివారెరుగుదురు.

ఆ జూలైలోనే వాట్సాప్ సంస్థ, వచ్చిన వార్తను ఒకమారు ఐదు చోట్లకు మించి పంపుటకు వీలులేకుండ మన దేశమున కట్టడి చేసెను. అయితే ఒక్కొక్క చోటు వందలమంది గల బృందము గావచ్చును.

చపాతీల వింత జరిగిన పదేండ్లకు, 1867లో, ముద్రణాలయముల చట్టము వచ్చెను. అచ్చైన ప్రతి పత్రికపై ముద్రాపకుని పేరు, ముద్రణస్థలము ఉండితీరవలెనని అది విధించెను. పాలకుల యుద్దేశము పత్రికలపై కన్ను వేయుటయే కావచ్చును. చదువరికి మాత్రము మేలే జరిగెను. సెల్‌ఫోనుకు వచ్చు వార్త యడుగున అట్టి పంక్తి లేదు. మన పఠనమందిరపు బల్లపైనున్న దినపత్రికను త్రిప్పి చూచినచో ఏదో యొక పుట యడుగున ఆ సన్నని యక్షరములు కనబడును. కళ్లజోడు మరచి వచ్చినవారికి మన గ్రంథపాలకుడు చదివి వినిపించును.