కాలి మిషను కాళ్లు

కబాడీ అతను తక్కెడ దించకముందే కాలితో దాన్ని ఒకసారి తట్టి "బీడ్" అన్నాడు. భిలాయి దగ్గరి మా కుమ్హారి వీధుల్లో పాత ఇనుము కొనేవాళ్లు పోత ఇనుముని అలాగే పిలుస్తారు. మనకీ అదే మాట ఉంది, బీడు. ఉక్కుని తడితే గణగణమంటుంది. బీడు మొద్దుగా పలుకుతుంది. రెంటికీ ధర వేరు కనక ఆ చప్పుడు వాళ్లకి బాగా తెలుసు.

అతను తట్టింది అమ్మ కాలి మిషను కింది స్టాండు. పైనుండే బల్ల చెక్క చెదలు తినేసి ఏనాడో పోయింది. మిషను తలని గుడ్డలో చుట్టి ట్రంకు పెట్టెలో పెట్టాం. మిగిలిన ఈ ఇనప కాళ్లు పెరట్లో రెండు వానాకాలాలు తడిశాయి. తూకానికి అమ్మేద్దామనే నేనూ అనుకున్నాను. ఆ మొద్దు చప్పుడు విన్నాక చెయ్యి రాలేదు. అమ్మ అర్ధరాత్రి దాకా జాకెట్లు కుడుతుంటే పక్క గదిలో నిద్రపోయినవాణ్ణి నేను. మిషను అంతసేపు ఆడినా నేల అదరకపోవడానికి కారణం ఆ లోహమే. బీడులో బొగ్గుపాలు, అంటే కార్బన్, రెండు నుంచి నాలుగు శాతం దాకా ఉంటుంది. అందులో చాలా భాగం గ్రాఫైటు రేకులుగా లోపల పరుచుకుని ఉంటుంది. అదురుని ఆ రేకులు మింగేస్తాయి. లేతు మిషన్ల పీటల్ని బీడుతో పోసేది కూడా ఇందుకే.

కాళ్లతో తొక్కి బట్ట పని చెయ్యడం మనకి కొత్త కాదు. గుంట మగ్గంలో నేతగాడి కాళ్లు ఎప్పుడూ పనిలోనే ఉంటాయి. చేతులు నాడె విసురుతుంటే కాళ్లు దారాల వరసల్ని పైకీ కిందికీ మారుస్తాయి. యూరపులో కుట్టు యంత్రం మీద మొదట గట్టి ప్రయత్నం చేసిన వాళ్లలో ఒకడైన బార్తెలెమీ తిమొన్యే కూడా దర్జీయే. ఆయన 1830లో పేటెంటు తీసుకున్న యంత్రం చాలావరకు చెక్కది, కాలితో తొక్కేది. పారిస్‌లో సైన్యానికి దుస్తులు కుట్టడానికి అలాంటివి 80 దాకా పెడితే, పొట్ట కొడుతున్నాయని భయపడ్డ దర్జీలు 1831లో వాటిని విరగ్గొట్టారు. తర్వాత అమెరికాలో ఎలియాస్ హోవ్ సూది మొన దగ్గరే బెజ్జం పెట్టి, పైదారాన్నీ కిందిదారాన్నీ ముడివేసే కుట్టుకు 1846లో పేటెంటు పొందాడు. ఆయనది చేత్తో తిప్పేది.

ఐజాక్ సింగర్ 1851 ఆగస్టు 12న తన యంత్రానికి పేటెంటు పొందాడు. తొలినాటి సింగర్ యంత్రాలకి వేరే బల్ల లేదు. ఏ చెక్కపెట్టెలో సర్ది పంపారో ఆ పెట్టెనే నిలబెట్టి, దానిమీద యంత్రాన్ని బిగించి, కింద కాలికి తొక్కుడు పలక అమర్చుకునేవారు. మిషను స్టాండుని బల్లగా మార్చడం ఏదో ఈ కాలపు ముచ్చట అని అనుకునేవాళ్లకి నేను ఈ పెట్టె సంగతి చెబుతుంటాను. ఆ పెట్టె ముందు బల్ల అయింది. ఇనప స్టాండు దాని చోటులోకి తర్వాత వచ్చింది.

ఇనుము ఎందుకు వచ్చిందో చెప్పడం తేలిక. తొక్కినప్పుడల్లా కదిలే చెక్కపెట్టె మీద కుట్టు తిన్నగా రాదు. ఆ ఇనుముకి అన్ని పూలూ తీగలూ ఎందుకన్నదే నన్ను చాలాకాలం ఆలోచింపజేసింది. కార్ఖానాలో దర్జీ కోసమే అయితే నాలుగు తిన్నని కాళ్లు చాలు. 1850ల చివరికి కంపెనీలు ఇళ్లల్లోని ఆడవాళ్లకి మిషను అమ్మాలనుకున్నాయి. మధ్యతరగతి ఇంటి ముందుగదిలో, మేజాలూ కుర్చీల పక్కన అది నిలబడాలి. నూనె ఓడే యంత్రంలా కాక ఇంటి సామానులా కనబడాలి. పోత పనిలో ఉన్న సుళువు వాళ్లకి అక్కడ కలిసొచ్చింది. చెక్కతో ఒకసారి నమూనా చెక్కితే, దాన్ని ఇసకలో అదిమి ఎన్నిసార్లయినా అచ్చు తీయొచ్చు. కరిగిన ఇనుము ఆ గాడిలోకి పారి తీగ అంటే తీగ, ఆకు అంటే ఆకు అవుతుంది. తిన్నని కాలుకీ పూలకాలుకీ పోతలో ఖర్చు పెద్దగా తేడా రాదు. పైగా మధ్య మధ్య ఖాళీలు వదిలితే ఇనుమూ తక్కువ పడుతుంది. నగిషీ చెక్కే చేతులు నమూనా దగ్గర ఒక్కసారి కష్టపడితే వేల ఇళ్లకి ఆ అందం వెళ్లింది.

పైన వేసే బల్లకీ అంతే శ్రద్ధ పెట్టారు. సింగర్ కంపెనీ 1868లో ఇండియానా రాష్ట్రంలోని సౌత్ బెండ్‌లో చెక్క పనికే వేరే ఫ్యాక్టరీ పెట్టింది. ఇనుమొక చోట, చెక్కొక చోట పుట్టి దుకాణంలో కలిసేవి. ఇప్పుడు మన ఇళ్లల్లో చెక్క ముందు పోయి ఇనుము మిగలడం ఆ జంట విడిపోవడమే.

ఇక ఆ చక్రం. పెడల్ ఊగుతుంది, చక్రం తిరుగుతుంది. ఊపుని తిప్పుగా మార్చేది మధ్యలో ఉన్న కడ్డీ. కడ్డీ పూర్తిగా పైకి వెళ్లినప్పుడూ, పూర్తిగా కిందికి దిగినప్పుడూ ఎంత తొక్కినా చక్రాన్ని కదపలేదు. ఆ రెండు చోట్లా చక్రాన్ని దాటించేది దాని సొంత బరువే. అందుకే అంచు అంత మందంగా ఉంటుంది. తోలు బెల్టు ఆ పెద్ద చక్రం నుంచి పైనున్న చిన్న చక్రానికి వెళ్తుంది కనక ఒక్క తొక్కుకి నాలుగైదు కుట్లు పడతాయి. కొత్తగా మిషను తొక్కేవాళ్లకి చక్రం వెనక్కి తిరిగి దారం పుటుక్కున తెగడం ఈ రెండు చోట్ల వల్లే. "ముందు చేత్తో నీ వైపుకి తిప్పుకో, తర్వాత తొక్కు" అని అమ్మ వీధిలో ఎంతమంది అమ్మాయిలకి చెప్పిందో. మడమా వేళ్లూ వంతులవారీగా అదమాలి. ఒక్క వేళ్లతోనే తొక్కితే పిక్కలు పట్టేస్తాయి. 19వ శతాబ్దంలో ఫ్రాన్సు వైద్యులు ఈ తొక్కుడు ఆడవాళ్ల ఒంటికి మంచిదా కాదా అని వాదించుకున్నారు. రోజంతా తొక్కేవాళ్ల నడుము నొప్పి మాత్రం వాదన అక్కర్లేని నిజం. అమ్మకి అది చివరిదాకా ఉంది.

మన దేశానికి వచ్చిన సింగర్ మిషన్లలో చాలావాటి పుట్టిల్లు స్కాట్లండు. గ్లాస్గో దగ్గరి క్లైడ్‌బ్యాంకులో 1885లో పని మొదలెట్టిన కిల్‌బోవీ ఫ్యాక్టరీ మొదటి ప్రపంచయుద్ధానికి ముందు ఏడాదికి పది లక్షలకు పైగా మిషన్లు పంపేది. 1911లో అక్కడ 11 వేలమంది పనివాళ్లు సమ్మె చేశారు. 1980లో ఆ ఫ్యాక్టరీ మూతపడింది. ఆ ఊళ్లో రైల్వే స్టేషను పేరు ఇప్పటికీ సింగరే. మన దేశంలో 19వ శతాబ్దం చివర్లో బొంబాయి నుంచి సింగర్ వ్యాపారాన్ని నడిపినవాడు నస్సర్‌వాంజీ మర్వాన్‌జీ పటేల్ అనే పార్సీ. నెలవారీ వాయిదాల మీద ఇవ్వడం వల్ల మిషను చిన్న దర్జీ గడప దాకా రాగలిగింది.

యంత్రాలంటే అనుమానించే గాంధీ కూడా 1924లో శాంతినికేతన్ విద్యార్థి జి. రామచంద్రన్‌తో మాట్లాడుతూ కుట్టు మిషనుకి మినహాయింపు ఇచ్చాడు. భార్య పడే కుట్టు శ్రమ చూడలేక సింగర్ దాన్ని చేశాడని, ఆ పనిలో ప్రేమ ఉందని ఆయన భావం. భార్య కుట్టు చూస్తూ మిషను ఊహించాడన్న కథ సాధారణంగా హోవ్ గురించి చెబుతారు. అయినా ఆ మినహాయింపు సరైనదేనని నా నమ్మకం. మిషను మనిషి కాలి కింద, మనిషి వేగానికి లోబడి ఉంది. 1930లలో కలకత్తాలో బిషన్ దాస్ బాసిల్ తయారు చేసిన దేశీ మిషనుకి కూతురి పేరు పెట్టుకున్నాడంటారు, ఉషా. తర్వాత లాలా శ్రీరామ్ చేతుల్లో జయ్ ఇంజనీరింగ్ వర్క్స్ దాన్ని దేశమంతా నింపింది. విడిభాగాలకీ కొత్త బ్రాండ్లకీ లూధియానా కేంద్రమైంది. ఇనప కాళ్ల మధ్య అడ్డకమ్మీలో కంపెనీ పేరు పోతలోనే ఉంటుంది. మాదానిమీద ఉషా అని ఉంది.

భిలాయికి తెలుగువాళ్లు ఎలా వచ్చారో ఈ ప్రాంతంలో ప్రతి ఇంటికీ ఒక కథ. సోవియట్ సాయంతో ఉక్కు కర్మాగారానికి 1955 ఫిబ్రవరిలో ఒప్పందం, 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ చేతుల మీదుగా మొదటి బ్లాస్ట్ ఫర్నేసు ప్రారంభం. విజయనగరం నుంచి రాయపూర్‌కి రైలు దారి 1931లోనే పూర్తయి ఉంది. ఉత్తరాంధ్ర కుర్రాళ్లు ఆ దారినే వచ్చారు, మా నాన్నా అంతే. పెళ్లయ్యాక అమ్మ వచ్చింది, తర్వాత మిషను వచ్చింది. ఒక్క జీతం మీద నడిచే ఇంట్లో పిల్లల స్కూలు యూనిఫారాలూ, పక్కవాళ్ల చీరల ఫాల్సూ ఆ పెడల్ మీదనే తేలాయి. నాన్న పనిచేసిన చోట రోజూ ముడి ఇనుము కరిగి పారేది. ఇంట్లో అమ్మ కాళ్ల కింద ఉన్న బీడు కూడా ఒకప్పుడు అలాగే పారినది. చిన్నప్పుడు ఈ రెంటినీ నేను కలిపి చూడలేదు.

మోటారు వచ్చాక కాలి పని తగ్గింది. సింగర్ మొదటి విద్యుత్ మిషను 1889లోనే వచ్చినా, మన దగ్గర కరెంటు నమ్మకంగా ఉండేదాకా కాలి మిషనుదే రాజ్యం. తర్వాత మోటారు బిగించుకున్నవాళ్లు పెడల్ తీసేశారు. రెడీమేడ్ బట్టలొచ్చి ఇంటి కుట్టే తగ్గింది. స్టాండ్లు టీవీ కిందకీ, చేపల తొట్టె కిందకీ, పెరట్లో పూలకుండీల కిందకీ చేరాయి. ఎవరూ నేర్పకుండానే జనం వాటిని బల్లలు చేసుకున్నారు. ఇంగ్లండులో పబ్బుల్లో సింగర్ కాళ్ల మీద నిలబెట్టిన బల్లలు మామూలు దృశ్యం. ఇప్పుడు మన నగరాల హోటళ్లూ వాటిని కొనుక్కుంటున్నాయి.

అంత బాగా కుదరడానికి కారణం ఎత్తు. స్టాండు నేల నుంచి సుమారు 28 అంగుళాలు. పైన అంగుళం, అంగుళంన్నర చెక్క వేస్తే రాత బల్లకి కావలసిన ఎత్తు సరిగ్గా వస్తుంది. కూర్చుని కుట్టే మనిషి మోచేతికీ, కూర్చుని రాసే మనిషి మోచేతికీ తేడా లేదు. వెడల్పు దగ్గరే జాగ్రత్త పడాలి. కాళ్ల లోతు తక్కువ కనక పైపలక రెండడుగులు దాటితే అంచున చెయ్యి ఆనించగానే తూలుతుంది. గ్రానైటు వేస్తామనేవాళ్లు లెక్క చూసుకోవాలి. మూడడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, 20 మిల్లీమీటర్ల మందం ఉన్న పలక 30 కిలోలు తూగుతుంది. నిలువు బరువుని బీడు హాయిగా మోస్తుంది. పక్కకి తోస్తే, కింద పడేస్తే మాత్రం వంగకుండా విరుగుతుంది.

విరిగితే అతికించడం ఉక్కు ఊళ్లో ఏపాటి పని అని నేనూ అనుకున్నాను. ఉక్కుకి వాడే రాడ్డుతో బీడుని అతికితే చల్లారేటప్పుడు పక్కనే మళ్లీ చీలుతుంది. నికెల్ రాడ్డు కావాలి, ముందు వేడి చెయ్యాలి, నెమ్మదిగా చల్లారనివ్వాలి. లేదా ఇత్తడితో అతికించాలి. ఇంట్లో అయితే వెనకవైపు ఇనప పట్టీ వేసి బోల్టు బిగించడమే మేలు. తుప్పుకి కిరసనాయిలు, వైరు బ్రష్షు చాలు. పాత రంగుల్లో సీసం ఉండొచ్చు కనక ఎండుగా గీకి ఆ దుమ్ము పీల్చకూడదు, తడిపి గీకాలి. ఇంట్లో చిన్నపిల్లలుంటే చక్రాన్ని కడ్డీ నుంచి విడదీయాలి, లేదా వైరుతో కట్టెయ్యాలి. చక్రానికీ కాలికీ మధ్య వేలు పడితే చాలా ప్రమాదం.

మా వడ్రంగి సాల్ చెక్క తెచ్చాడు. మన గుగ్గిలం చెట్టే, ఛత్తీస్‌గఢ్ అడవుల చెక్క, ఒకప్పుడు రైలు పట్టాల కింద స్లీపర్లుగా వేసింది. బరువూ బిగువూ ఉన్నదే అయినా వానల్లో ఉబ్బుతుంది. అందుకని పలకలో బోల్టు పట్టే బెజ్జాలు గుండ్రంగా కాక కోలగా తీయించాను, చెక్క అటూ ఇటూ జరగడానికి. ఇనుముకి ఒకట్రెండు బెజ్జాలు కొత్తవి వేస్తే పని తొందరగా అవుతుందన్నాడు. ఒప్పుకోలేదు. కాళ్లని కోసి పొట్టి చేసి టీపాయ్ చెయ్యమని సలహా ఇచ్చినవాళ్లూ ఉన్నారు. ఆ పని నాకు మనసు రాదు. పాత బల్ల చెక్క కూర్చున్న నాలుగు బెజ్జాలే వాడి, నాలుగు బోల్టులతో కొత్త పలక బిగించాం. ఆ బోల్టులు విప్పితే స్టాండు మళ్లీ మిషను స్టాండే.

మిషను తల ఇంకా ట్రంకు పెట్టెలోనే ఉంది. దాని పక్కన ఒక బిస్కెట్ల డబ్బాలో బాబిన్ కేసూ, షటిలూ, తలని బల్లకి పట్టి ఉంచిన రెండు బందులూ, చుట్టచుట్టిన తోలు బెల్టూ దాచాను. మొన్న మా అన్నయ్య కూతురు వచ్చి, "బాబాయ్, ఆ డబ్బా ఒకసారి ఇస్తావా?" అని అడిగింది.