చాందా రైలు పథకం: ఒక ప్రశ్న చరిత్ర

నేల క్రింది బొగ్గు ఎవరి ఆస్తి, దానిని ఏ షరతులపై ఎవరికి అప్పగించవలె నన్న ప్రశ్న తెలంగాణమునకు క్రొత్తది కాదు. గనులు త్రవ్వక మునుపే, 1883లో, హైదరాబాదు పౌరులు కొందరు సమావేశమై ఆ ప్రశ్న వేసినారు.

అంతకు పన్నెండేండ్ల క్రితం, 1871లో, భూగర్భ పరిశోధన శాఖకు చెందిన డాక్టరు విలియం కింగ్ ఇల్లందు సమీపాన బొగ్గు పొరలను కనుగొన్నాడు. 1953లో ఖమ్మం జిల్లా ఏర్పడేవరకు ఆ ప్రాంతం వరంగల్లు జిల్లాలోనిదే. బొగ్గు కదలవలెనంటే రైలు ఉండవలె. వాడి నుండి బయలుదేరిన రైలుబాట 1874లో సికింద్రాబాదు చేరి అక్కడ ఆగినది. దానిని వరంగల్లు వైపునకు, చాందా వైపునకు పొడిగించవలెనని, ఆ పని ఆంగ్లేయ కంపెనీకి అప్పగించి, వారి పెట్టుబడిపై వడ్డీకి నిజాం ఖజానా పూచీపడవలెనని ఒక పథకం బయలుదేరినది.

ఆనాటి పరిస్థితి చిక్కైనది. 1883 ఫిబ్రవరిలో మొదటి సాలార్‌జంగు మరణించినాడు. నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఇంకా మైనరు. పూచీ భారం మోయవలసినవారు శిస్తు చెల్లించే రైతులు. నిర్ణయించేవారు కొద్దిమంది అధికారులు. డాక్టరు అఘోరనాథ చటోపాధ్యాయ, ముల్లా అబ్దుల్ ఖయ్యూం మొదలైన విద్యావంతులు దీనిని ప్రశ్నించినారు. అఘోరనాథులు ఎడింబరోలో డాక్టరు పట్టం పొందిన శాస్త్రజ్ఞులు, సరోజినీ నాయుడు తండ్రి. వారు రైలే వద్దనలేదు. షరతులు పదిమందికీ తెలియవలె నన్నారు, చర్చ జరగవలె నన్నారు. ఆ మాత్రానికే, మే నెలలో, ప్రభుత్వం అఘోరనాథులను ఉద్యోగం నుండి తప్పించి రాజ్యం వెలుపలికి పంపివేసినది.

వారి శంక నిరాధారం కాదని అయిదేండ్లలోనే తేలినది. 1886లో రైలు వరంగల్లు చేరినది. ఆ సంవత్సరమే ఖనిజాల హక్కులు 99 ఏండ్లకు ఆంగ్లేయ వ్యాపారుల పరమైనవి. వాటిపై హైదరాబాదు దక్కన్ కంపెనీ వెలసినది. నిజాం తరఫున వ్యవహారం నడిపిన సర్దార్ అబ్దుల్ హక్ తన సొంత వాటాలనే నిజాం ప్రభుత్వం చేత కొనిపించినాడని బయటపడగా, 1888లో బ్రిటిష్ పార్లమెంటు కామన్స్ సభ విచారణ సంఘాన్ని నియమించవలసి వచ్చినది. షరతులు ముందే వెల్లడియై ఉంటే ఈ వంచన ఇంత సులభమయ్యేది కాదు.

అయితే ఆనాటి చర్చలో ఒక లోపం కూడ ఉన్నది. పట్టణ విద్యావంతుల దృష్టి ఖజానాపై నిలిచినది. ఆ బొగ్గుపై చేను దున్నుకొనే రైతును, ఆ అడవిలో బ్రతికే కోయను ఎవరూ అడగలేదు.

నేడు ముందుగా అడగవలసినది వారినే. 1920లో ఏర్పడిన సింగరేణి సంస్థ బొగ్గులో అధికభాగం ఇప్పుడు ఉపరితల గనులదే. భూగర్భ గనిలో మనిషి నేల క్రిందికి దిగుతాడు. ఉపరితల గనిలో నేలనే పెళ్లగిస్తారు. చేను, చెరువు, ఊరు తరలిపోతాయి. త్రవ్విపోసిన మట్టి గుట్టలై నిలుస్తుంది. చుట్టుపట్ల బావుల నీరు క్రిందికి జారుతుంది. ఆ బొగ్గుతోనే మన ఇండ్లలో దీపాలు వెలుగుతున్నవన్నదీ నిజమే. కనుకనే ఆ నష్టాన్ని లెక్కించే బాధ్యత మనకూ ఉన్నది. 2016 వరకు వరంగల్లు జిల్లాలోనిదైన భూపాలపల్లి మొదలుకొని గోదావరీ తీరపు గని ప్రాంతాలలో గ్రామస్థులు, వారి మిత్రులు సమావేశమై ఉపరితల గనులను ప్రతిఘటించే మార్గాలు ఆలోచించినది ఇందుకే.

అఘోరనాథులకు దేశబహిష్కారం తెచ్చిన కోరిక నేడు చట్టం ఇచ్చిన హక్కు. 1957 నాటి బొగ్గు భూముల చట్టం క్రింద భూమి తీసుకొన దలచినప్పుడు, ప్రకటన వెలువడిన 30 రోజులలో అభ్యంతరం చెప్పవచ్చు. 2006 నాటి పర్యావరణ ప్రకటన ప్రకారం బహిరంగ విచారణకు 30 రోజుల ముందు నోటీసు ఇవ్వవలె; నివేదిక సారాంశం స్థానిక భాషలోనూ ఉండవలె. కాని ఆ కాగితం ఊరు చేరి, చదివి వినిపించేవారు లేనప్పుడు ముప్పది రోజులు ఇట్టే గడచిపోతవి. విచారణ నాడు అడుగవలసిన ప్రశ్న అంతకు ముందే, రచ్చబండ దగ్గర నలుగురూ కూర్చున్నప్పుడు, సిద్ధం కావలె. చాందా పథకం నేర్పిన పాఠం ఇదే: షరతులు తెలియనివాని అంగీకారం అంగీకారం కాదు.