బూదికోట బాణము నుండి వ్యోమయాన క్రీడ వఱకు

కోలారు సీమ యనగానే ఎల్లరకును బంగారము జ్ఞప్తికి వచ్చును. భూమిని త్రవ్వుకొని క్రిందికి పోయిన సీమగా దీనికి ప్రఖ్యాతి కలిగినది. కాని ఆకాశమునకు ఎగిరిన విద్య యొక్క చరిత్రలోను ఈ సీమకు ఒక స్థానము కలదు. బంగారుపేట తాలూకాలోని బూదికోట ఆ చరిత్రకు ఒక తొలిమెట్టు. ఆ మెట్టు నుండి నేడు మన యిండ్లలో కంప్యూటరు ముందు కూర్చుండి పలువురు ఆడుచున్న వ్యోమయాన క్రీడ వఱకు ఒక దారి ఉన్నది. ఆ దారిని చదువరులకు చూపుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

దారి చూపవలసిన అవసరమేమి? ఈ ఆటలు ఆడువారందఱును పిల్లలు కారు. చిన్నతనము నుండి ఆటలాడి, నెరసిన తల వచ్చిన పిదప కూడ విడువని వారు నేడు ఎందఱో యున్నారు. అట్టి గృహస్థుడొకడు రాత్రి భోజనమైన పిమ్మట కూర్చుండి, ఎచ్చటను లేని గ్రహము చుట్టు ఎచ్చటను లేని నౌకను త్రిప్పబూనును. అది నాలుగుమార్లు కూలును. అతడు నవ్వుకొని అయిదవమారు ఆరంభించును. ఇంటివారు ‘ఈ వయసున ఇదేమి వ్యసనము?’ అందురు. ఈ ప్రశ్న త్రోసివేయదగినది కాదు. కష్టపెట్టు ఆటలో ఆనందమెక్కడిది, ఆ ఆనందమునకు విలువ కలదా అని విచారించుటకు చరిత్రయే తగిన సాధనము.

హైదరలీ 1720 ప్రాంతమున బూదికోటలో జన్మించెను. సరియైన సంవత్సరమును గూర్చి చరిత్రకారులలో ఏకాభిప్రాయము లేదు. ఆయన తండ్రి ఫతే మహమ్మదు ఆర్కాటు నవాబు సైన్యమున బాణములు ప్రయోగించు ఏబదిమంది దళమునకు నాయకుడుగా నుండెనని చెప్పుదురు. ఇచ్చట బాణమనగా వింటితో ఎక్కుపెట్టు అమ్ము కాదు. మందు కూరి అంటించగా నిప్పులు క్రక్కుచు ఎగిరిపోవునది. మన ‘బాణసంచా’ అను మాటలో నేటికిని ఆ అర్థము నిలిచియున్నది. దీపావళినాడు మన పిల్లలు కాల్చు తారాజువ్వ ఆ వంశములోనిదే.

ఆ కాలపు బాణములకు వెదురు గొట్టములు వాడుచుండిరి. అవి యెక్కువగా సంకేతములకే ఉపయోగపడుచుండెను. మైసూరు పాలకులైన హైదరలీ, టిప్పు సుల్తానుల కాలమున వచ్చిన గొప్ప మార్పు ఇనుప గొట్టము. మందు మండునప్పుడు పుట్టు వాయువు గొట్టమును లోపలినుండి త్రోయును. వెదురైనచో కొంత ఒత్తిడికే పగులును. ఇనుము తట్టుకొనును. ఒత్తిడి యెక్కువైనకొలది వాయువు వెనుకకు మిక్కిలి వేగముగా దూసికొనిపోవును. బాణము అంత బలముగా ముందుకు సాగును. జానెడు ఇనుప గొట్టమునకు నాలుగడుగుల వెదురు కఱ్ఱయో కత్తియో కట్టి విడిచిన యీ బాణములు సుమారు కిలోమీటరు దూరమును, కొన్ని యంతకు మించియు పోవుచుండెను. 1780 సెప్టెంబరు 10వ తేదీన కాంచీపురము చెంత పొల్లిలూరు యుద్ధమున ఇంగ్లీషువారి మందుగుండు బండ్లు పేలి, కర్నల్ బెయిలీ సేన నాశనమయ్యెను. అందు బాణముల పాత్ర గొప్పదని పలువురు వ్రాసియున్నారు. 2018లో శివమొగ్గ జిల్లా నగర గ్రామమున ఒక పాడుబావి నుండి ఇట్టి ఇనుప బాణములు వేయికి పైగా బయల్పడినవి.

1799 మే 4వ తేదీన శ్రీరంగపట్టణము పడిపోయెను. అచ్చట దొరికిన బాణములను ఇంగ్లండులోని వుల్విచ్ ఆయుధశాలకు చేర్చిరి. విలియం కాంగ్రీవు వీనిని ఆధారము చేసికొని ప్రయోగములు సాగించి, 1806లో బులోన్ రేవుపైనను, 1807లో కోపెన్‌హేగన్ నగరముపైనను తన బాణములను ప్రయోగింపజేసెను. అంతకంటె మనకు ముఖ్యమైన విషయము మఱొకటి కలదు. వుల్విచ్‌లోని సైనిక విద్యాలయమున బోధకుడైన విలియం మూర్ 1813లో బాణముల గమనమును న్యూటను సూత్రముల ననుసరించి గణితముగా వివరించిన గ్రంథమును ప్రకటించెను. చేతివాటముగా నున్న విద్య ఆనాడు లెక్కకు లొంగినది. శాస్త్రవేత్త రొద్దం నరసింహగారు 1980లలో ఈ మైసూరు బాణముల కథను శ్రద్ధతో పరిశోధించి లోకమునకు తెలిపిరి.

తరువాతి మెట్లు చదువరు లెఱిగినవే. 1903లో రష్యా దేశపు పాఠశాలోపాధ్యాయుడు సియోల్కోవ్‌స్కీ బాణముయొక్క వేగము వాయువు వెలువడు వేగముపైనను, ఇంధనముతో కూడిన బరువునకు ఇంధనము తీసిన బరువునకు గల నిష్పత్తిపైనను ఆధారపడునని సూత్రము కట్టెను. 1926లో అమెరికాలో గొడ్డార్డు ద్రవ ఇంధనముతో బాణమును ఎగురవేసెను. 1957 అక్టోబరు 4న స్పుత్నిక్ భూమిని చుట్టెను. 1961 ఏప్రిల్ 12న గగారిన్ ఆ దారినే పోయి క్షేమముగా దిగివచ్చెను.

మరుసటి సంవత్సరమే, అనగా 1962లో, అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయమున స్టీవ్ రసెల్ మొదలగు యువకులు కంప్యూటరుపై ‘స్పేస్‌వార్’ అను ఆటను సృజించిరి. నడుమ నొక నక్షత్రము. దాని ఆకర్షణకు లోబడి తిరుగు రెండు నౌకలు. 1969లో మానవుడు చంద్రునిపై అడుగిడిన కొలది నెలలకు జిమ్ స్టోరర్ అను ఉన్నత పాఠశాల విద్యార్థి చంద్రునిపై దిగు ఆటను వ్రాసెను. అందు బొమ్మ యొక్కటియు లేదు. పది సెకండ్ల కొకమారు ఎంత ఇంధనము మండించవలెనో ఆటగాడు అంకె వేయవలెను. యంత్రము ఎత్తు, వేగము, మిగిలిన ఇంధనము అచ్చువేసి చూపును. ముందుగా మండించిన ఇంధనము తఱుగును, ఆలసించిన నేల తాకి నుగ్గగును. 2000లో లండన్ యూనివర్సిటీ కళాశాలకు చెందిన మార్టిన్ ష్వీగర్ ‘ఆర్బిటర్’ అను వ్యోమయాన క్రీడను ఉచితముగా లోకమున కిచ్చెను. 2011లో మెక్సికో నగరము నుండి ఫెలిపే ఫలాంగీ కల్పించిన ‘కెర్బల్ స్పేస్ ప్రోగ్రామ్’ వెలువడెను. పచ్చని చిన్న జీవులు నివసించు ఒక కల్పిత గ్రహముపై ఆటగాడే నౌకను కూర్చుకొని ఎగురవేయవలెను. ఆ గ్రహముయొక్క వ్యాసార్ధము 600 కిలోమీటర్లు మాత్రమే. మన భూమిది 6,371. అయినను సియోల్కోవ్‌స్కీ సూత్రము అచ్చటను తప్పదు.

ఇక ఆనందము సంగతి. మన పూర్వులు ఆడిన వైకుంఠపాళి కూడ పైలోకమునకు ఎక్కు ఆటయే. కాని అందు గవ్వలు ఎట్లు పడిన అట్లు నడువవలెను. నిచ్చెన దొరకుటయు పాము మ్రింగుటయు అదృష్టము. వ్యోమయాన క్రీడలో గవ్వలు లేవు. నౌక కూలినచో కారణము ఉండితీరును; వెదకినచో అది దొరకును. గుడి మండపముల బండలపై చెక్కిన పులిమేక ఆటకు ఇది దగ్గఱి చుట్టము. అంతకంటె దగ్గఱిది మన అవధానము. నిషిద్ధాక్షరిలో పృచ్ఛకుడు అడుగడుగునకు ఒక్కొక్క అక్షరమును నిషేధించుచుండ, అవధాని ఆ యిరుకులోనే పద్యము నడపును. నిషేధమే లేకున్న ఆ పద్యమునకు సభలో చప్పట్లు లేవు. ఈ ఆటలో గురుత్వాకర్షణము పృచ్ఛకుని స్థానమున కూర్చున్నది. అది కోపింపదు, దయ చూపదు, లంచము పుచ్చుకొనదు.

ఒక్క యుదాహరణము చాలును. ఒకే కక్ష్యలో మనకు ముందు మఱొక నౌక పోవుచున్నది. దానిని కలిసికొనవలెనన్న ఏమి చేయవలెను? వేగము పెంచవలెనని ఎవరైనను చెప్పుదురు. వేగము పెంచినచో మన కక్ష్య పైకి లేచి, చుట్టు పెద్దదై, ఆ నౌకకు మఱింత వెనుకబడుదుము. వేగము తగ్గించి క్రిందికి దిగినచో చుట్టు చిన్నదై ముందుకు చేరుదుము. 1965 జూన్‌లో జెమినీ 4 నౌకలోని మెక్‌డివిట్, విడిపోయిన తమ బాణపు భాగమును చేరబోయి, దానివైపు ఎంత త్రోసికొనినను దూరమగుచునే పోయెను. ఇంధనము తఱిగిపోగా ఆ ప్రయత్నమును విడిచిరి. ఆ సంవత్సరము డిసెంబరులోనే జెమినీ 6, 7 నౌకలు ఒకదానికొకటి అడుగుల దూరమునకు చేరినవి. ముందుకు పోవుటకు వెనుకాడవలెనను ఈ విచిత్రమును పుస్తకములో చదివినవాడు ఔననుకొనును. ఆటలో పదిమార్లు తప్పిపోయి పదునొకండవమారు నౌకలను కలిపినవాడు దానిని ఒంట పట్టించుకొనును. పెక్కు ఆటలు చేతివేగమును పరీక్షించునవి. వానిలో ఇరువదియేండ్లవాడు అరువదియేండ్లవానిని గెలుచును. ఇది ఓర్పును, లెక్కను, మునుపటి తప్పుల జ్ఞాపకమును పరీక్షించునది. అనుభవజ్ఞుడైన ఆటగాడు దీనిని ప్రేమించుటలో వింత లేదు.

ఇది ‘ఉత్త ఆట’ యని తీసివేయుటకును వీలులేదు. అపొలో 11 బయలుదేరుటకు కొలది దినములకు పూర్వము హ్యూస్టన్ నగరమున అభ్యాసము చేయించువారు కృత్రిమ యానమున ఒక అపాయ సంకేతమును కల్పించిరి. స్టీవ్ బేల్స్ అను యువకుడు తొందరపడి చంద్రునిపై దిగుట మానవలెనని చెప్పెను. అది పొరపాటని తేలినది. పిమ్మట అట్టి సంకేతములన్నిటికి పట్టిక తయారుచేసికొనిరి. 1969 జూలై 20న నిజముగా దిగుచుండగా అదే జాతి సంకేతము మ్రోగినది. ఈమారు బేల్స్ సాగవచ్చునని చెప్పగలిగెను. ఆటలో చేసిన తప్పు నిజములో యానమును కాచినది.

మన దేశపు కథయు ఇట్టిదే. 1979 ఆగస్టు 10న శ్రీహరికోట నుండి లేచిన ఎస్.ఎల్.వి.-3 బంగాళాఖాతమున పడిపోయెను. 1980 జూలై 18న అదే జాతి వాహనము రోహిణి ఉపగ్రహమును కక్ష్యలో నిలిపెను. 2019 సెప్టెంబరు 7న విక్రమ్ చంద్రునిపై కూలెను. శాస్త్రజ్ఞులు లోపములను వెదకి, కాళ్లను బలపరచి, ఇంధనము పెంచి, దిగుటకు అర కిలోమీటరు చదరమునకు బదులుగా నాలుగు కిలోమీటర్ల పొడవును, రెండున్నర కిలోమీటర్ల వెడల్పును గల చోటును ఏర్పఱచిరి. 2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 సుఖముగా దిగెను. బూదికోట నుండి శ్రీహరికోట వఱకు దూరము స్వల్పమే. నడుమ పట్టిన కాలము రమారమి రెండున్నర శతాబ్దములు.

ఆటకును నిజమునకును గల భేదమును మఱవరాదు. ఆటలో కూలిన నౌకను మీట నొక్కి తిరిగి నిలుపవచ్చును. పొల్లిలూరున పడినవారు తిరిగి లేవలేదు. మన గనులలో రాయి పేలి ప్రాణములు విడిచినవారికిని రెండవ అవకాశము దొరకలేదు. బాణము మొదట ఆయుధము, పిదప వాహనము, నేడు ఆట. మొదటి దశను మఱచి మూడవదానిని ఆడుట అనాగరికము. నిద్ర, సంపాదన, సంసారము మఱచి ఆడుటయు శ్లాఘ్యము కాదు. ఇంటివారి ప్రశ్నలో అంతవఱకు న్యాయమున్నది.

అయినను మన సీమకు తగిన ఆటయే ఇది. 1965లో ఛాంపియన్ రీఫ్ గనిలో రెండు కిలోమీటర్లకు పైగా లోతున మన శాస్త్రజ్ఞులు, వాతావరణమున పుట్టి భూమిని చొచ్చి వచ్చు న్యూట్రినోల జాడను కనిపెట్టిరి. భూగర్భమున నుండి ఆకాశమును చూచిన ఊరు ఇది. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడినవి. పని పోయినను, లోతునకు దిగుటయందును కష్టమునకు జంకకుండుటయందును మనవారికి గల అలవాటు పోవలసిన పని లేదు.

కావున పెద్దలకు ఒక మనవి. ఇంటిలో ఈ ఆట ఆడువారున్నచో ప్రక్కన ఒక కాగితము, పెన్సిలు ఉంచుడు. నౌక ఎందుకు కూలినదో తెలుగున చెప్పుమని అడుగుడు. కక్ష్య, వేగము, ఇంధనము అను మాటలు మనకున్నవి; లేనివానిని కల్పించుకొనుట మన పెద్దలు ఎప్పుడును మానలేదు. సెలవుదినమున ఆ ఆటగానిని వెంటబెట్టుకొని బూదికోటకు పోయి, ఇనుప గొట్టము కథ చెప్పుడు. మెక్సికోలో పుట్టిన ఆటను ఆడువారికి తమ ఊరి చెంత పుట్టిన కథ తెలియకుండుట మనకు లోటు.