నాణేనికి సంఘం తోడైతే

క్రిప్టో నాణేన్ని చట్టం గుర్తించిన సహకార సంఘానికి ముడిపెట్టాలన్న ఆలోచన కొత్తదేం కాదు. కెటలోనియా ఉద్యమకారుడు ఎన్రిక్ దురాన్, అతని మిత్రులు 2014లోనే ఫెయిర్‌కాయిన్ అనే నాణేన్ని ఆధారం చేసుకుని ఫెయిర్‌కోప్ మొదలుపెట్టారు. చట్టం ముందు నిలబడటానికి ఫ్రీడమ్‌కోప్ అనే యూరోపియన్ సహకార సంఘాన్ని పక్కన పెట్టుకున్నారు. నాణెం ధరను సభ్యుల సభ నిర్ణయించేది. బయటి మార్కెట్ ఆ ధరను ఖాతరు చేయలేదు. అక్కడ ధర పడిపోయాక, సభ చెప్పిన ధరకే నాణేలు తీసుకున్న దుకాణదారుల దగ్గర మార్చుకోలేని నాణేలు పోగుపడ్డాయి.

ఈ కథ చదువుతుంటే నాకు అనంతపురం గుర్తొచ్చింది. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన కూడా నమ్మకంగా పడని నేల. వేరుశనగ మీద పెట్టిన పెట్టుబడి చాలాసార్లు మట్టిలోనే పోతుంది. 1990లో చెన్నేకొత్తపల్లి దగ్గర టింబక్టు కలెక్టివ్ మొదలైంది. దాని చుట్టూ పెరిగిన మహిళల పొదుపు సంఘాలకు, 2008లో నమోదైన రైతుల ధరణి సంఘానికి చట్టపరమైన ఆసరా ఒకటే: 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం.

అంతకుముందున్న 1964 చట్టం కింద సంఘాల్లో ప్రభుత్వం వాటాధనం పెట్టేది, పాలకవర్గాలను పక్కన పెట్టే అధికారం కూడా దాని చేతుల్లోనే ఉండేది. 1995 చట్టం కింద సంఘం ప్రభుత్వ వాటాధనం తీసుకోదు. నియమావళి సభ్యులే రాసుకుంటారు. ఎంత పొదుపు చేసినా మనిషికి ఒకటే ఓటు. వాటాను బజార్లో పెట్టి అమ్ముకోవడం కుదరదు.

చిక్కంతా ఇక్కడే ఉంది. ఎవరైనా, ఎక్కడినుంచైనా కొని అమ్మగలగడం నాణేనికి బలం. అలా కుదరకపోవడమే సంఘానికి బలం. రెండింటినీ ముడిపెడితే ఏది దేన్ని లాగుతుందో ఫెయిర్‌కాయిన్ చూపించింది.

కోడ్ రాసుకుని బతికేవాణ్ణి కాబట్టి, మార్చలేని లెక్కల పుస్తకం మీద నాకూ మోజుంది. సంఘం పద్దులు బ్లాక్‌చెయిన్‌లో రాస్తే మంచిదే. కానీ వాన రాని ఏడాది ఎవరి వాయిదా ఆపాలి? ఎవరి బోరు నిజంగా ఎండింది? అది సభలో కూర్చున్న పక్కింటావిడకు తెలుస్తుంది, కోడ్‌కు తెలియదు. అందుకే నాణెం పెట్టుకున్నా అది సభ్యుల మధ్యే తిరగాలి. బజారుకెక్కిన రోజున దాని ధర చెన్నేకొత్తపల్లి చేతిలో ఉండదు.