చెన్నపట్నం ఉత్తరాన చేదు పేర్లు

ఊరి పేరు వెనక చెప్పే కథను నమ్మే ముందు కాలం కుదురుతోందో లేదో చూడాలి. తొండియార్‌పేటనే తీసుకుందాం. రామనాథపురం సీమలోని తొండి ప్రాంతం నుంచి వచ్చిన సూఫీ కవి కుణంగుడి మస్తాన్ సాహిబును జనం 'తొండియార్' అని పిలిచేవారని, పేటకు ఆయన పేరే వచ్చిందని చెబుతారు. ఆయన సమాధి పక్కనే రాయపురంలో ఉంది. కానీ ఆయన పుట్టింది 1792 ప్రాంతంలో. ఎగ్మూరు, పురసవాక్కంతో పాటు తొండియార్‌పేటను ఈస్టిండియా కంపెనీకి ఇచ్చిన పర్వానా 1693 నాటిది. ఉన్న పేరుకే భక్తులు ఆయన్ను ముడిపెట్టి ఉంటారనుకోవడం సబబు.

తొండియార్‌పేటకు దక్షిణాన ఉన్న స్టాన్లీ ఆసుపత్రి పాతవాళ్ల నోట 'గంజితొట్టి ఆసుపత్రి'. చిన్నచూపులా వినిపించే ఈ పేరుకు మాత్రం సాక్ష్యం గట్టిది. 1780లో హైదర్ అలీ సేనలు కర్ణాటక సీమ మీద పడ్డాయి. పంటలు పోయి, పల్లెలు పాడుపడి, ఆకలిగొన్న జనం పట్నం దారి పట్టారు. 1782లో వాళ్లకు గంజి పోయడానికి పుట్టిందే మణియగారి సత్రం. మణియగారంటే గ్రామాధికారి. 1799లో డాక్టర్ జాన్ అండర్‌వుడ్ అక్కడ వైద్యం మొదలుపెట్టాడు. ఆసుపత్రికి గవర్నర్ స్టాన్లీ పేరు చేరింది 1930లలో, అంటే గంజి పోసిన నూట యాభై ఏళ్లకు. అయినా పేరు 1782లోనే పుట్టిందని తేల్చేయలేం. సత్రం ఆ తర్వాతా పేదల ఆశ్రయంగానే సాగింది కనుక, 1876-78 నాటి మహాక్షామం వంటి రోజుల్లో ఆ మాట మరింత పాతుకుని ఉండవచ్చు. ఆకలితో వచ్చినవాళ్లు తమకు దొరికినదాన్ని బట్టి పెట్టుకున్న పేరు ఇది. దీన్ని చరిత్ర పుస్తకాల్లో అడుగున పడేయడం నాకు అన్యాయంగా తోస్తుంది.

పాలకులు పెట్టిన చేదు పేరు వేరు. ఇంగ్లీషువాళ్ల కోట బయట తెలుగు, తమిళ వర్తకులు కాపురమున్న వాడను ఒంటి రంగు చూసి 'బ్లాక్ టౌన్' అన్నారు. ఇరవయ్యో శతాబ్ది తొలినాళ్లలో ఆ పాలకులే దాన్ని జార్జ్ టౌన్‌గా మార్చారు. ఆ వాడ అంచున వాల్‌టాక్స్ రోడ్డు ఉంది. 1758-59 ఫ్రెంచి ముట్టడి తర్వాత కట్టిన గోడ ఖర్చును జనం మీద పన్నుగా వేయాలనుకున్నారు. ఆ వసూలు సాగలేదనే చరిత్రకారులు రాశారు. కాబట్టి ఆ పేరును పన్ను కట్టారనడానికి రుజువుగా చూపకూడదు. పన్ను తలపెట్టారనడానికి మాత్రమే అది పనికొస్తుంది.